పోయిన గనుల ఖర్చు

గనిలో ఆయనను అందరూ నిదానం అనే పిలిచేవారు. కొత్తగా చేరినవాళ్ళు కొన్నాళ్ళు మొహమాటపడి 'నిదానం గారూ' అనేవారు. ఆ తరువాత వాళ్ళూ అందరి దారే పట్టేవారు. ఎగతాళికి పెట్టిన పేరు కాదది, పనిని బట్టి అతుక్కున్న పేరు. గని నోటి మీద నిలబెట్టిన ఇనుప గోపురానికి కాస్త ఎడంగా ఒక ఇంజన్ గది ఉండేది. గదిలో ఏనుగంత చక్రం, చక్రానికి చుట్టిన ఉక్కు తాడు, ఆ తాడు కొసన భూమి కడుపులోకి దిగే లిఫ్టు. దాన్ని దించడం, ఎత్తడం నిదానం ఉద్యోగం. ఆయన కూర్చున్న చోటు నుంచి గనీ కనపడదు, మనుషులూ కనపడరు. గంట వింటాడు, లిఫ్టు ఎంత లోతులో ఉందో చూపే ముల్లు చూస్తాడు, మీట తిప్పుతాడు. ఆయన దింపితే లిఫ్టులో నిలబడ్డవాడి చేతిలో టీ గ్లాసు తొణకదని చెప్పుకునేవారు.

ఎదురు గోడ మీద 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని ఎర్రక్షరాల బోర్డు ఉండేది. ఏళ్ళ తరబడి దాని కింద కూర్చుని కూర్చుని, మనిషి ఇంటికి వచ్చేటప్పుడు ఆ బోర్డును కూడా మెడలో వేసుకొస్తున్నాడని భార్య అంటుండేది.

ఆ గని ఒకప్పుడు ఎవరో షావుకారుది. నిదానం తండ్రి పనిచేసే రోజుల్లో ప్రభుత్వం గనులన్నిటినీ తన చేతిలోకి తీసుకుంది. ఇక మీదట ఈ గని ప్రజలదని గేటు దగ్గర సభ పెట్టి చెప్పారు. తండ్రి పక్కనున్న గుమాస్తాను పట్టుకుని "అంటే మనదేనా?" అని నాలుగుసార్లు అడిగాడట. నాలుగుసార్లూ అవుననే అన్నాడట గుమాస్తా. ఆ నమ్మకంతోనే తండ్రి రిటైరయ్యాడు, ఆ నమ్మకంతోనే పోయాడు. అప్పట్లో గనులు తొమ్మిది. ఒక దాంట్లో బొగ్గు అయిపోయింది, ఒక దాంట్లోకి నీళ్ళొచ్చాయి, కొన్నిటిని గిట్టుబాటు కావడం లేదని మూశారు. చివరికి మిగిలింది మూడో గని ఒక్కటే.

ఆ మిగిలిన దాని సంగతి చెప్పడానికే ఒక మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. నిదానం భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. బొగ్గు సంస్థ హెడ్డాఫీసులో ఖర్చుల విభాగంలో పెద్ద ఉద్యోగి. అక్కకు చంటిపిల్లవాడి కిందే లెక్క గాని, గనిలోవాళ్ళకు మాత్రం లెక్కలాయన. ఆయన బండి గేటులోకి వచ్చిందంటే ఏదో ఒకటి తెగుతుందని చెప్పుకునేవారు. ఒకసారి వచ్చినప్పుడు క్యాంటీనులో రాయితీ తెగింది, ఇంకోసారి రాత్రి షిఫ్టు తెగింది.

చేతిలో అరటిపళ్ళ సంచితో వచ్చినవాడు కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. సగం తిన్నాక, కంచంలోకి చూస్తూ అన్నాడు.

"బావా, మూడో గని నష్టాల్లో లేదు."

"మరి?"

"నష్టాల్లో ఉన్నట్టు వస్తోంది."

నిదానం మజ్జిగ పోసుకున్నాడు. ఎదుటివాడు విడమరిచి చెప్పేదాకా ఆగడం ఆయనకు అలవాటే.

"తొమ్మిదిమంది అన్నదమ్ముల ఉమ్మడి కుటుంబం అనుకో అక్కా," అన్నాడు బావమరిది, బావతో చెప్పలేక అక్క వైపు తిరిగి. "ఎనిమిదిమంది పోయారు. వాళ్ళ అప్పులు, వాళ్ళ మందుల బిల్లులు, వాళ్ళ పెళ్ళాం పిల్లల తిండి అన్నీ తొమ్మిదోవాడి నెత్తినే పడ్డాయి. వాడు రోజూ పనికి పోతూనే ఉన్నాడు. సంపాదిస్తూనే ఉన్నాడు. చూసేవాళ్ళు మాత్రం వీడు మునిగిపోయాడంటున్నారు."

"అయితే తొమ్మిదోవాణ్ణి కూడా చంపేస్తే పీడ పోతుందంటావా?" అంది అక్క.

"పైవాళ్ళు అంటున్నది అదేనక్కా."

మిగతాదంతా మెల్లగా, పాఠం చెప్పినట్టు చెప్పాడు. మూసేసిన గనుల పింఛన్లు, ఆ గనుల పైన నేల కుంగి బీటలిచ్చిన ఇళ్ళకు ఇవ్వాల్సిన పరిహారం, హెడ్డాఫీసు భవనం, దానిలో తన జీతం కూడా ఇప్పుడు మూడో గని తవ్వే బొగ్గు మీదనే వేస్తున్నారు. ఆ బొగ్గును కరెంటు సంస్థ కొంటుంది. ధర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, తవ్వడానికయ్యే ఖర్చు కంటే తక్కువకు. ఆ తక్కువ కూడా కరెంటు సంస్థ ఇవ్వడం లేదు, ఏళ్ళ తరబడి బాకీ. ఇవ్వనివాడికి సరుకు ఆపేద్దామంటే ప్రభుత్వం ఒప్పుకోదు. దీపాలు ఆరితే ఓట్లు పోతాయి. కరెంటు సంస్థా ప్రభుత్వానిదే, బొగ్గు సంస్థా ప్రభుత్వానిదే. కుడి జేబుకు ఎడమ జేబు బాకీ పడింది, చొక్కా మాత్రం చిరిగింది.

ఇందులో దాచిందేమీ లేదు. ఈ మాటలన్నీ యూనియన్ కార్యదర్శి ప్రతి గేటు మీటింగులోనూ చెప్పేవే. మంత్రి కూడా చెప్పాడు, వార్తల్లో కూడా వచ్చింది. అందరికీ తెలిసినదాన్ని మళ్ళీ వింటూ నిదానం చేయి కడుక్కోవడానికి లేచాడు.

బావమరిది తెచ్చిన అసలు కబురు వేరు. గని మూయడానికి కార్మికులు తమంతట తామే ఓటేసి ఒప్పుకుంటే పరిహారం రెట్టింపు ఇస్తారు. నెలాఖరు దాటితే, ఒప్పుకోకపోతే, మామూలు పరిహారమే. గని ఎలాగూ మూతపడుతుంది.

"ఎలాగూ మూసేదానికి ఓటెందుకురా?" అంది అక్క.

తమ్ముడు మజ్జిగ గిన్నె ముందుకు లాక్కున్నాడు.

ఓటింగు క్యాంటీనులో పెట్టారు. వారం ముందు నుంచి యూనియన్ కార్యదర్శి గేటు దగ్గర గొంతు చించుకున్నాడు. ఆయనకు మైకు అని పేరు. చేతిలో మైకు లేకపోయినా గని అవతలి గట్టుదాకా వినపడే గొంతు. మన తండ్రులు సంపాదించిన గనిని మన చేతులతో మనమే పూడుస్తామా అని అడిగాడు. అందరూ పూడ్చం, పూడ్చం అన్నారు. చప్పట్లు కూడా కొట్టారు.

నిదానం తన వంతు వచ్చినప్పుడు తెర వెనక్కి వెళ్ళాడు. ఏ వైపు ముద్ర వెయ్యాలో అనుకుని వెళ్ళలేదు. ఆయన మనసులో గనీ లేదు, డబ్బూ లేదు, తండ్రీ లేడు. తాడు ఉంది. మనుషుల్ని మోసే తాడును ఇన్నేళ్ళకొకసారి మార్చాలని నియమం. ఈ తాడు గడువు ఎప్పుడో దాటింది. కొత్తది కొనడానికి డబ్బు లేదని పరీక్ష చేయించి, ఇంకొంతకాలం వాడుకోవచ్చని అనుమతి తెచ్చుకున్నారు. ఆ గడువూ అయిపోతే మళ్ళీ తెచ్చుకున్నారు. పరీక్షలో తప్పేమీ లేదు, తాడు మంచిదేనన్నారు. కాని రోజూ దాన్ని చూసేది నిదానం. పొద్దున్నే చక్రం మీద గ్రీజు పూస్తుంటే ఎక్కడో ఒక చోట తెగిన తీగ ముక్క వేలికి గుచ్చుకునేది. దాన్ని రాసి పైకి పంపేవాడు. పంపినదానికి చూశామని జవాబు వచ్చేది. ఆ తరువాత గంట మోగేది, మనుషులు ఎక్కేవాళ్ళు, ఆయన దింపేవాడు.

మూయాలన్న వైపు ముద్ర వేసి, కాగితం మడిచి డబ్బాలో వేసి, బయటికొచ్చి టీ తాగాడు.

మూడొంతుల మంది మూయాలనే వేశారని సాయంత్రం తెలిసింది. విన్నవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నేను వద్దనే వేశానంటే నేను వద్దనే వేశానని ప్రతివాడూ ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్లన్నీ కూడితే వద్దని పడ్డ ఓట్ల కంటే ఎక్కువే అవుతాయని ఎవరో అంటే, కొందరు నవ్వారు కూడా. నువ్వెటు వేశావని నిదానాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. ఆయనను అడిగి లాభం లేదని అందరికీ తెలుసు.

చివరి షిఫ్టు రోజు రానే వచ్చింది. దిగినవాళ్ళంతా పైకి వస్తున్నారు. లాంపులు తిరిగి ఇచ్చేచోట లెక్క చూస్తే పదికి పైగా తక్కువ వచ్చాయి. మైకు, ఇంకొందరు కిందే కూర్చుండిపోయారు. మంత్రి వచ్చి మాట్లాడేదాకా కదలం అని ఫోనులో చెప్పారు.

కింద మనుషులుంటే ఇంజన్ గదిలో డ్రైవరు ఉండి తీరాలి. మిగతా డ్రైవర్లలో ఒక్కడు తప్ప అందరూ అప్పటికే లెక్క తేల్చుకుని వెళ్ళిపోయారు. ఆ ఒక్కడూ నిదానమూ వంతులు వేసుకుని కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళకు భోజనం క్యారేజీలు లిఫ్టులో పెట్టి దించేవారు. ఖాళీవి పైకి వచ్చేవి. తోమి, తుడిచి పంపేవాళ్ళు కిందివాళ్ళు. ఫ్యాను తిరుగుతోంది, పంపులు నడుస్తున్నాయి, బొగ్గు మాత్రం రావడం లేదు. రెండు రోజులు గడిచాయి. మంత్రి రాలేదు. మూడో రోజు ఎవరినో ఒకరిని పంపాలనుకున్నారు. గని మేనేజరుతో మాట్లాడం అన్నారు కిందివాళ్ళు, పోలీసులను దింపితే బాగుండదన్నారు పైవాళ్ళు. చివరికి హెడ్డాఫీసు తరఫున లెక్కలాయనను దిగమన్నారు.

బావమరిది ఇంజన్ గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తలకు కొత్త హెల్మెట్, కాళ్ళకు ఎవరివో అరువు బూట్లు. ఇన్నేళ్ళుగా ఈ గని ఖర్చు రాస్తున్నాడు గాని ఒక్కసారీ లోపలికి దిగినవాడు కాదు. దిగాల్సిన అవసరం రాలేదు.

"బావా," అన్నాడు, బోర్డు వైపు ఒకసారి చూసి. "తాడు ఎలా ఉంది?"

"నీకు తెలియాలి. కాగితం మీ దగ్గరేగా ఉంది."

బావమరిది హెల్మెట్ పట్టీ బిగించుకున్నాడు. కొత్త తాడు కొనుగోలు ఆగిపోయింది ఆయన బల్ల మీదనే. ఆపిందీ ఆయనే అనడానికి లేదు. ఆపమని పైనుంచి వస్తే ఆపాడు. ఆ పైవాళ్ళకు ఇంకా పైనుంచి వచ్చింది. ఇదంతా నిదానానికీ తెలుసు.

"అక్కకేమీ చెప్పకు," అని వెళ్ళి లిఫ్టు ఎక్కాడు.

గంట మూడుసార్లు మోగింది. మనుషులు ఎక్కారని అర్థం. నిదానం మీట మీద చెయ్యి వేశాడు. కోపం వస్తుందేమో అనుకున్నాడు, రాలేదు. భయం వస్తుందనుకున్నాడు, అదీ రాలేదు. వేలమందిని దించిన చెయ్యి తనంతట తానే ఈ ఒక్కడినీ దించింది. ముల్లు మెల్లగా తిరిగి అడుగు గీత దగ్గర ఆగింది. కింద నుంచి చేరామని గంట వచ్చింది. అప్పుడు చూసుకుంటే చొక్కా వీపున అంటుకుపోయి ఉంది, ఎవరో బిందెడు నీళ్ళు కుమ్మరించినట్టు.

కింద జరిగిన మాటలు తరువాత మైకే చెప్పాడు. లెక్కలాయన వెళ్ళి వాళ్ళ మధ్య బొగ్గు పెళ్ళ మీద కూర్చున్నాడట. మంత్రి ఏమంటున్నాడని మైకు అడిగాడు.

"ఏమీ అనడం లేదు."

"కరెంటువాళ్ళు?"

"వాళ్ళకు పోయిన నెల నుంచే ఓడల్లో పరాయి బొగ్గు వస్తోంది. మీరిక్కడ కూర్చున్న సంగతి వాళ్ళకు తెలియదు."

"టీవీ వాళ్ళు?"

"మొన్న ఒకతను వచ్చాడు. నిన్నటి నుంచి లేడు." కాస్త ఆగి, "మీరు కూర్చున్నందుకు పైన ఎక్కడా ఏదీ ఆగలేదు. అబద్ధం చెప్పి తీసుకెళ్ళమన్నారు నన్ను, మంత్రి రేపు వస్తాడని. నాకు చేతకాలేదు," అన్నాడట.

సమ్మె అంటే ఏదో ఒకటి ఆగాలి. బొగ్గు ఆపితే దేశమే చీకటైపోయే రోజులు మైకుకు గుర్తున్నాయి. ఆ రోజుల్లో ఆయన తుమ్మితే హెడ్డాఫీసులో కుర్చీలు కదిలేవి. ఇప్పుడు ఎవరికీ అక్కర్లేని సరుకును పట్టుకుని ఇవ్వం అని మొండికేసుకు కూర్చున్నారు. గంటకు తక్కువ ఏనాడూ మాట్లాడనివాడు, ఆ రోజు ఒక్క మాటే అన్నాడు.

"లేవండిరా. పోదాం."

గంట మూడుసార్లు మోగింది. నిదానం ఎత్తాడు. వాళ్ళు గేటు దాటేటప్పుడు కొందరి ఇళ్ళవాళ్ళు వచ్చి నిలబడి ఉన్నారు. ఏడ్చినవాళ్ళు లేరు. క్యారేజీలు ఎవరివి వాళ్ళు తీసుకుని నడిచి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం బావమరిది అక్క ఇంట్లో వేడినీళ్ళతో స్నానం చేసి, టీ గ్లాసు పట్టుకుని, తాగకుండా కూర్చున్నాడు. కింద ఎలా ఉందని అక్క అడిగింది.

"తెల్లగా ఉందక్కా."

"బొగ్గు గని తెల్లగా ఉండడమేమిట్రా?"

బొగ్గు ధూళి రాజుకుని మంటలు లేవకుండా గోడల మీద, నేల మీద సున్నపురాయి పొడి చల్లుతారు. ఆ పొడి ఖర్చు ప్రతి నెలా బావమరిది చేతి మీదుగానే పోయేది. చీకటి గనికి ఇంత సున్నమెందుకు, ఎవడో తింటున్నాడని ఆయన ఎప్పుడూ అనుకునేవాడు. ఇప్పుడు లాంపు వేసి చూస్తే కనుచూపు మేర తెల్లటి దారి. "మూసేస్తారని తెలిసి కూడా చల్లారు," అన్నాడు. "కూర్చున్న చోట శుభ్రంగా ఊడ్చి పెట్టుకున్నారు."

తరువాతి పనులు చకచకా జరిగిపోయాయి. రెండేళ్ళ కిందట అప్పు చేసి కొన్న బొగ్గు కోసే యంత్రం కిందే ఉంది. దాన్ని విప్పి పైకి తేవాలంటే అమ్మితే వచ్చేదానికంటే ఎక్కువ ఖర్చవుతుందని అక్కడే వదిలేశారు. దాని అప్పు మీద వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంది. పంపులు ఆపారు. నీళ్ళు లేచాయి. గని నోట్లో రాళ్ళూ మట్టీ పోసి పైన కాంక్రీటు మూత వేశారు. పరిహారం చేతికొచ్చింది. వీధికో కొట్టు వెలిసింది. అమ్మేవాళ్ళే గాని కొనేవాళ్ళు లేరు. నిదానం ఒక సిమెంటు గోడౌనులో క్రేను నడపడానికి కుదురుకున్నాడు. బస్తాలను కూడా అంతే మెల్లగా దించుతుంటే, ఇవి పగిలేవి కావు గదా పెద్దాయనా, కాస్త తొందరగా కానివ్వమని అక్కడి సూపర్వైజరు విసుక్కునేవాడు.

బావమరిది ఉద్యోగం కూడా ఏడాది తిరక్కుండా పోయింది. ఖర్చులు వెయ్యడానికి ఒక్క గనీ మిగలకపోయేసరికి హెడ్డాఫీసు ఖర్చు హెడ్డాఫీసు మీదనే పడింది. దాన్నీ మూశారు. భార్యను పుట్టింట్లో దింపి, కొత్త ఉద్యోగం దొరికేదాకా అంటూ అక్క ఇంట్లో ముందుగదిలో మంచం వేసుకున్నాడు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం టీవీలో చెప్పారు. కరెంటు సంస్థ పాత బొగ్గు బాకీ మొత్తం తీర్చేయాలని ప్రభుత్వం ఆదేశించిందట. కరెంటు సంస్థను ఎవరికో అమ్మబోతున్నారు. కొనేవాళ్ళకు పాత బాకీలు ఉండకూడదు. డబ్బంతా ప్రభుత్వ ఖజానాకు జమ అవుతుంది. ఎంతో కూడా చెప్పారు.

బావమరిది నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని కాసేపు విన్నాడు. "ఆ డబ్బుతో మూడో గని ఆరేళ్ళు నడిచేది బావా. కొత్త తాడుతో సహా," అన్నాడు, వాన వచ్చేట్టుంది అన్నంత మామూలుగా.

"అలాగా," అన్నాడు నిదానం.

భార్య లేచి టీవీ ఆపింది. ఇద్దరి ముఖాల్లోకీ చూసింది.

"మీరిద్దరూ మనుషులేనా? ఒక్కరికీ ఒళ్ళు మండదేం? వీడేమో లెక్క చెబుతాడు, మీరేమో అలాగా అంటారు. మా మామగారు ఉండుంటే ఈ టీవీ బద్దలు కొట్టేవారు."

ఆవిడ కంచాలు ఎత్తుతుంటే నిదానం అన్నాడు.

"నేను మూయాలనే వేశాను."

ఆవిడ ఆగింది.

"తాడు బాగాలేదు," అన్నాడు. "రోజూ అంతమందిని ఇక దించలేననిపించింది."

"ఆ మాట నాతో అంటే ఏం పోయేదండీ?" అంది ఆవిడ. కోపంగా అనలేదు. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తిప్పింది. బావమరిది తల వంచుకుని కంచం లేని బల్ల మీద వేలితో ఏదో గీస్తూ ఉండిపోయాడు. మరునాడు పొద్దున ఆవిడ భర్తకు టీ ఇస్తూ పక్కనే కూర్చుంది. అలా కూర్చోవడం ఎప్పుడో మానేసిన మనిషి. ఆయన ఆ రోజు గోడౌనుకు కాస్త ఆలస్యంగా వెళ్ళాడు.

కొన్ని వారాలకు బావమరిదికి ఉద్యోగం దొరికింది. ప్రభుత్వ సంస్థల ఖర్చులు చూసి సలహా చెప్పే కంపెనీ. అనుభవం ఉన్నవాడని పిలిచి మరీ ఇచ్చారు. ఊళ్ళు తిరగాలి. బయల్దేరే రోజు నిదానం పెట్టె మోసుకుని బస్సు స్టాపుదాకా వెళ్ళాడు. వద్దంటున్నా వినలేదు. బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు.

"ముందు ఎక్కడికి?" అని అడిగాడు నిదానం.

"నూలు మిల్లు బావా. ప్రభుత్వానిదే."

"నడుస్తోందా?"

"నడుస్తోంది. పన్నెండొందల మంది ఉన్నారట."

నిదానం తల ఊపాడు. బస్సు వచ్చి ఆగింది. పెట్టె పైకి అందించి, జాగ్రత్త అని చెప్పి, బస్సు కదిలేదాకా అక్కడే నిలబడి, గోడౌను వైపు నడిచాడు.